పన్నెండా, ఇరవై రెండా

కడప నుంచి వచ్చిన లారీ డ్రైవరు కబురు చెప్పి పోగానే, మజ్జిగ చిలికే కవ్వం చేతిలో ఉండగానే భీమమ్మ వీధి వాకిట్లోకి వచ్చేసింది.

"కాశన్నా! ఒరే కాశన్నా! మీ చిన్నమ్మ నాగక్కకు కండ్లు వచ్చినాయంటరా! శుక్లాలు తీసేసినారంట, కట్టు ఇప్పినారంట. కొడుకులను చూసిందంట, కోడండ్లను చూసిందంట. 'మా అక్క మొగం చూస్తే గదా చూసినట్టు' అంటాందంట. బిన్నా కదులు. రేపే పోదాం కడపకు."

కాశన్న అప్పుడే జిన్నింగు మిల్లు నుంచి భోజనానికి వచ్చాడు. మీసాల నిండా దూది నలుసులు. తల్లి చేతిలో కవ్వం నుంచి కారుతున్న మజ్జిగను, బయట తెల్లగా కాగుతున్న ఎండను మార్చి మార్చి చూశాడు. కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన రెండో వేసవి అది. డేరాలలో కచేరీలు నడుపుతున్న గుమాస్తాలు తలమీద తడిగుడ్డ వేసుకుని ఫైళ్లు రాస్తున్నారని ఊరంతా చెప్పుకుంటున్నారు. తుంగభద్రలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనబడుతోంది.

"అమా, డాక్టరు ఏం చెప్పినాడు? పోయిన ఎండాకాలం బస్సులో నంద్యాల దాటగానే పడిపోతివి. వడదెబ్బ ఇంకోసారి తగిలితే నా చేతిలో లేదు అన్నాడు గదా. వానలు పడనీ, నేనే తీసుకపోతా."

"వానలు వచ్చేదాకా నేనుంటానో, అదుంటుందో! మూడేండ్లు చీకట్లో కూచున్నాది రా అది. దానికి కండ్లొచ్చినప్పుడు నేను ఇంట్లో కూచుని ఊరగాయ పెట్టుకోవాల్నా?" భీమమ్మ ఊపిరి తీసుకుని, కవ్వంతో పెరట్లోని షెడ్డు వైపు చూపించింది. "అదిగో, ఆ అమెరికా కారులో మంచు గాలి వస్తాదని నువ్వే గదరా ఊరంతా చెప్పుకున్నావు?"

"వస్తాండెనమ్మా. ఇప్పుడు రాదు."

"వచ్చేట్టు చెయ్యి."

ఆ కారును కాశన్న చలికాలంలో కొన్నాడు. ఆనకట్ట పనికి వచ్చిన అమెరికా ఇంజనీరొకడు దేశానికి తిరిగిపోతూ అమ్మేశాడు. పడవంత పొడవు, లేత నీలం రంగు. వెనక సీటు వెనకాల చల్లగాలి యంత్రం ఉంది. "అందులోని గ్యాసు తగ్గిపోయింది, నింపించుకో" అని మాత్రం చెప్పి పోయాడు. చలికాలంలో ఆ మాట ఎవరికి పట్టింది?

ఆ మధ్యాహ్నమే కాశన్న కారును బస్టాండు పక్కనున్న ఏసురాజు షెడ్డుకు తోలుకుపోయాడు. ఏసురాజు యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్క్‌షాపులో పని చేసి వచ్చినవాడు. అక్కడ మాంసం, మందులు దాచే చల్లటి గదుల యంత్రాలను చూసుకునేవాడు. కర్నూలులో మాత్రం లారీలు తప్ప అతని చేతికేమీ దొరకలేదు. కారు వచ్చి నిలబడగానే చేతిలోని స్పానరు కింద పడేశాడు.

"ఇదా కాశన్నా! నేను బొమ్మల్లో చూసినా గానీ, చేత్తో ముట్టుకోలేదప్పా!"

బానెట్టు ఎత్తాడు. డిక్కీ తెరిచాడు. కారు కిందికి దూరాడు. ఇంజను పక్కన గ్యాసును నొక్కే కంప్రెసరు, ముందు రేడియేటరుకు ఆనించిన జల్లెడలాంటి రాగి గొట్టాలు, దాని పక్కన గ్యాసు నీరై చేరే చిన్న ఇనుప డబ్బా, అక్కడి నుంచి కారు కిందుగా డిక్కీలోకి పోయిన సన్నటి రాగి గొట్టం, ఒక్కొక్కటీ వేలుతో తడుముతూ పెళ్లికూతురి నగలు చూసినంత సంబరంగా చూశాడు. భీమమ్మ కూడా కొడుకు వెంట వచ్చింది. నెత్తిమీద కొంగు కప్పుకుని, షెడ్డులో బోర్లించిన డబ్బా మీద కూర్చుంది.

"ఏమప్పా ఏసురాజూ, ఈ గొట్టాలలో మంచు ఉంటుందా?"

"మంచు కాదవ్వా, గ్యాసు. ముందర నొక్కితే నీళ్లవుతాది, వెనక వదిలితే ఆవిరవుతాది. ఆవిరయ్యేటప్పుడు కారులోని వేడినంతా గుంజుకుంటాది."

"కొత్త కుండ చెమటోడితే నీళ్లు చల్లబడతాయి, అట్లనా?"

"అట్లనే! అచ్చం అట్లనే అవ్వా!"

ఏసురాజు ఒక మూత మెల్లగా వదులు చేశాడు. 'సుయ్'మని చిన్న చప్పుడు వచ్చింది. వెంటనే బిగించేశాడు. లోపల గ్యాసు ఇంకా కొంచెం ఉందన్నమాట. ఏ గ్యాసో చూద్దామని కంప్రెసరు మీదున్న రేకు పలకను గుడ్డతో తుడిచాడు. ఇంగ్లీషు అక్షరాలు తేటగానే ఉన్నాయి. ఫ్రియాన్ అని గ్యాసు పేరు ఉంది. దాని పక్కన రెండంకెల నెంబరుండాలి. రెండో అంకె రెండు. మొదటి అంకె ఉండాల్సిన చోట మర బోల్టు ఉంది. ఎవరో ఊడిపోయిన పలకను మళ్లీ బిగిస్తూ, సరిగ్గా ఆ అంకె మీదే బొక్క కొట్టారు.

"ఒకటైతే పన్నెండు. రెండైతే ఇరవై రెండు," అన్నాడు ఏసురాజు బోల్టును చూస్తూ. "రెండూ ఉండాయి లోకంలో. దేనికి దాన్నే వాడాల."

కాశన్నకు ఓపిక తక్కువ. మరునాడు పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీ నుంచి ఒక అమోనియా సిలిండరును ఒంటెద్దు బండి మీద వేయించుకుని వచ్చాడు. బండి వెంట సోడా ఫ్యాక్టరీ బొజ్జన్న కూడా వచ్చాడు. బస్టాండుకు అవతలి పక్కన గోలీసోడాలు చేసి అమ్ముతాడు. పెద్ద పొట్ట, పెద్ద నవ్వు. గ్యాసు అనే మాట ఎక్కడ వినబడినా అక్కడ తనుండాలనుకుంటాడు.

"ఏసురాజూ, నా గ్యాసు పొయ్యరాదా?" అన్నాడు.

"నీ గ్యాసుకు ఈ గొట్టాలు చాలవప్పా. ఈ ఎండలో అది తన్నే తన్నుకు కారు ఆదోనిలో పడుతుంది."

"మరి ఇది?" కాశన్న అమోనియా సిలిండరు మీద చెయ్యి వేశాడు. "ఊరికంతా మంచుగడ్డలు ఇచ్చే గ్యాసు. ఒక్క కారుకు చాలదా?"

ఏసురాజు గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని, సిలిండరు గొట్టాన్ని అందులో ముంచి, మూత కొంచెం తిప్పాడు. ఘాటు వాసన షెడ్డంతా కొట్టింది. కాశన్న కళ్లు మూసుకుని వీధిలోకి పరుగెత్తాడు. బొజ్జన్న అతని వెనకాల. భీమమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నచోటే కూర్చుంది. ఏసురాజు దగ్గుతూనే ఒక రాగి తీగ ముక్కను గీకి మెరిపించి గ్లాసులో వేశాడు.

మధ్యాహ్నం అందరూ మళ్లీ వచ్చి చూసేసరికి గ్లాసులో నీళ్లు నీలిమందు కలిపినట్టున్నాయి.

"ఇది రాగిని తింటాది. కారులో ఉండేదంతా రాగే. గొట్టం బొక్కపడితే ఆ వాసన కారు లోపలికే వస్తాది. కడప చేరకముందే అవ్వ..." ఏసురాజు మాట మింగేశాడు.

"ఏంటికి ఆగినావు? చస్తాననే గదా!" భీమమ్మ నవ్వింది. "సరే, ఆ పాడు వాసన నాకొద్దు. నాకు పన్నెండన్నా తెప్పించండి, ఇరవై రెండన్నా తెప్పించండి."

కాశన్న పోస్టాఫీసుకు పోయి మద్రాసుకు ట్రంక్ కాల్ పెట్టాడు. ఎదురుచూసి ఎదురుచూసి, లైను దొరికాక గొంతు చించుకుని అరిచాడు. అవతలి వ్యాపారి కూడా అదే ప్రశ్న అడిగాడు. పన్నెండా, ఇరవై రెండా? ఆ కంపెనీ కార్లలో కొన్నింటికి ఇది, కొన్నింటికి అది. అమెరికాకు రాసి కనుక్కోవాలంటే రెండు నెలలు పడుతుంది.

"రెండూ పంపించు!" అని అరిచాడు కాశన్న. పోస్టాఫీసులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

రైల్లో సిలిండర్లు వచ్చేలోపు ఆ సంగతి కర్నూలంతా పాకింది. మంచు కారు అని పేరు పెట్టేశారు. కచేరీ గుమాస్తాలు డేరాల నుంచి టీ తాగడానికి వచ్చినవాళ్లు వచ్చినట్టే షెడ్డులోకి తొంగి చూసి పోయేవారు. సోడా కొట్టు దగ్గర రెండు పార్టీలు పుట్టాయి. పన్నెండంటే పన్నెండని కొందరు, ఇరవై రెండంటే ఇరవై రెండని కొందరు. బొజ్జన్న మాత్రం రెండు పార్టీలకూ సోడాలు అమ్ముతూ రెండు పక్కలా తలాడించాడు.

సిలిండర్లు దిగిన రోజు షెడ్డు ముందర జాతరే. రెండూ ఒకే ఎత్తు, ఒకే ముదురు రంగు. ఒకదాని మీద తెల్లరంగుతో పన్నెండు, రెండోదాని మీద ఇరవై రెండు అని రాసి ఉంది.

"ఇరవై రెండు పొయ్యి ఏసురాజూ," అన్నాడు కాశన్న. "పెద్ద నెంబరు. ఎక్కువ చల్లదనం ఉంటుంది."

"అది నిజమే. చల్లదనం ఎక్కువే. తన్ను కూడా ఎక్కువే. పన్నెండుకు చేసిన గొట్టంలో ఇరవై రెండు పోస్తే, ఈ ఎండలో, ఈ ఇంజను వేడిలో గొట్టం చీలుతుంది. ఇరవై రెండుకు చేసినదాంట్లో పన్నెండు పోస్తే గాలి వస్తాది గానీ చల్లబడదు. అవ్వ దారిలోనే ఉడికిపోతాది."

"మరెట్ల తెలిసేది?"

ఏసురాజు కళ్లు మెరిశాయి. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాట అది. మిలిటరీ నుంచి తెచ్చుకున్న, గ్యాసు తన్ను కొలిచే ఇత్తడి గేజీని పెట్టెలోంచి తీశాడు. గడియారమంత గుండ్రటి ముఖం, ఒకటే ముల్లు.

"కారులో పాత గ్యాసు కొంచెం ఉండాది గదా. దాన్నే అడుగుదాం. ఒకే వేడిలో ఒక్కో గ్యాసు ఒక్కో మాదిరి తన్నుతుంది. ముందు ఈ రెండు సిలిండర్లకూ ఈ గేజీ పెడతా. ముల్లు యాడ నిలబడుతుందో గుర్తు పెట్టుకుందాం. తర్వాత కారుకు పెడతా. యా గుర్తు కాడ నిలబడితే అది."

"గుర్తు నేను పెడతా," అంది భీమమ్మ లేచి. ఇంటి నుంచి పసుపు కుంకుమల బరిణె తెప్పించింది.

పన్నెండుకు గేజీ పెట్టారు. ముల్లు గబగబా ఎక్కి సగం దాటి నిలిచింది. భీమమ్మ గాజు మీద ఆ చోట పసుపు బొట్టు పెట్టింది. ఇరవై రెండుకు పెట్టారు. ముల్లు ఎగిరి దాదాపు అంచుదాకా పోయింది. అక్కడ కుంకుమ బొట్టు. ఏసురాజు గేజీని కారు గొట్టానికి బిగించి మూత తిప్పాడు.

ముల్లు ఎక్కింది. ఎక్కి, పసుపు బొట్టుకు చాలా కిందే ఆగిపోయింది.

పసుపూ కాదు, కుంకుమా కాదు. ఏసురాజు గేజీని వేలితో తట్టాడు. ముల్లు కదల్లేదు.

"ఇదేందప్పా, మూడో గ్యాసా?" కాశన్న గొంతు తగ్గింది.

ఏసురాజు ముఖం వాడిపోయింది. గేజీ విప్పి మళ్లీ పెట్టాడు. మళ్లీ అక్కడే. జనంలో కొందరు కదిలారు. ఏసురాజు కారు చక్రానికి ఆనుకుని నేలమీద కూలబడ్డాడు. దాహమై చెయ్యి చాస్తే బొజ్జన్న సోడా కొట్టి ఇచ్చాడు.

బొజ్జన్న ఊరికే ఉండలేక పన్నెండు నెంబరు సిలిండరును రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. లోపల నీళ్లు కదిలినట్టు గలగలమంది.

"ఏసురాజూ, దీంట్లో నీళ్లుండాయి."

"గ్యాసే. నీళ్లయి ఉంటుంది."

"మరి కారులో?"

ఏసురాజు సోడా గ్లాసు నోటి దగ్గరే ఆపేశాడు.

"కారులో... కారులో నీళ్లు లేవు," అన్నాడు నెమ్మదిగా. "కారిపోగా మిగిలింది ఉత్త ఆవిరి. పొయ్యి మీది తపేలాలో నీళ్లున్నంతసేపే గదా మూత ఎగిరేది. నీళ్లు అయిపోయినాక తన్నే బలం యాడిది? కారులో ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క ఉంటే చాలు, నిజం చెప్పేస్తాది. ఆ చుక్కను యాడ నుంచి తెచ్చేది?"

"మంచు పడినట్టు పడాల," అంది భీమమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"పగలంతా కంటికి కనబడని తడి, తెల్లారుజామున చలికి ఆకు మీద చుక్కై కూచుంటాది గదా. కార్తీకంలో చూడలేదా మీరు? మీ గ్యాసుకు కూడా చలి పుట్టించండి."

ఏసురాజు లేచిన వేగానికి గ్లాసు దొర్లిపోయింది. "బొజ్జన్నా! ఐసు!"

బొజ్జన్న పంచె ఎగగట్టి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాడు. సోడాలు చల్లబరచడానికి రంపపు పొట్టులో పెట్టిన మంచుగడ్డలన్నీ గోనెసంచుల్లో వేయించుకుని వచ్చాడు. చాలకపోతే ఐసు ఫ్యాక్టరీకి కాశన్నే కారు లేకుండా కాలినడకన పోయి, బండి మీద తెచ్చాడు. జనంలో ఎవరు దొరికితే వాళ్లు సుత్తితో, రాయితో గడ్డలను చితకగొట్టారు. రెండు సిలిండర్లను మంచు నింపిన తొట్టిలో పాతారు. కారులో గ్యాసు నీరై చేరే ఇనుప డబ్బా చుట్టూ గోనె కట్టి, దాన్నిండా మంచుపొడి కూరారు. బొజ్జన్న గుప్పెడు ఉప్పు తీసుకుని చల్లబోతుంటే ఏసురాజు చెయ్యి పట్టుకున్నాడు.

"ఉప్పొద్దు! ఇంకా చలి ఎక్కువైపోతాది. మూడింటికీ ఒకటే చలి ఉండాల. లేకుంటే తూకం తప్పుతుంది."

భీమమ్మ పాత బొట్లు కొంగుతో తుడిచేసింది. మంచులో మునిగిన సిలిండర్లకు మళ్లీ గేజీ పెట్టారు. చలికి ముల్లు నిలబడే జాగాలు రెండూ బాగా దిగాయి. ఇరవై రెండుకు కుంకుమ, దానికి ఇంకా కింద పన్నెండుకు పసుపు. గేజీ కారుకు మారింది.

ఇప్పుడు ముల్లు కుంకుమ బొట్టుకు పైన ఉంది. చూస్తుండగానే దిగడం మొదలుపెట్టింది.

"దిగుతాండాది!" అని అరిచాడు ముందు వరసలో నిలబడ్డ గుమాస్తా ఒకాయన.

"కుంకుమ కాడ నిలబడితే ఇరవై రెండు," అన్నాడు ఏసురాజు. "అది దాటి దిగితే..."

ముల్లు కుంకుమ బొట్టును చేరింది. అక్కడ వణికింది. ఇరవై రెండు పార్టీవాళ్లు ఈలవేశారు. కాశన్న "చెప్పలేదా? పెద్ద నెంబరే!" అని చప్పట్లు కొట్టాడు. ఏసురాజు చెయ్యెత్తి ఆపాడు. గోనెలో ఇంకో గుప్పెడు మంచు కూరాడు. ముల్లు కుంకుమ బొట్టులోంచి మెల్లగా బయటికి జారింది.

"ఇంకా దిగుతాండాది! దాటేసింది!"

"ఉండండప్పా, తోయకండి!"

ఇప్పుడు ఏసురాజుకు ఇంకో భయం పట్టుకుంది. పసుపును కూడా దాటి పోతే? లోపల ఉన్నది చుక్క కూడా కాలేనంత తక్కువైతే? ముల్లు దిగుతూ దిగుతూ పసుపు దగ్గరికి వచ్చింది. నెమ్మదించింది. పసుపు బొట్టు మధ్యలో ఆగింది. ఏసురాజు ఇంకా మంచు కూరాడు. కదల్లేదు. బొజ్జన్న ఇంకో గోనె తెచ్చి కప్పాడు. కదల్లేదు. డబ్బాకు చెవి ఆనించి, గోటితో తట్టి విన్నాడు ఏసురాజు. చప్పుడు మారింది. ఇందాక బోలుగా మోగిన అడుగు ఇప్పుడు బరువుగా పలికింది.

"చుక్క పడింది," అన్నాడు. తర్వాత అరిచాడు. "చుక్క పడిందప్పా! పన్నెండు! పన్నెండు!"

బొజ్జన్న అతన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. పన్నెండు పార్టీ వాళ్లు గుమాస్తాలతో కలిసి మిగిలిన మంచును ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. ఓడిన పార్టీవాళ్లు కూడా చల్లుకున్నారు, ఎండ అట్లాంటిది. కాశన్న ఇరవై రెండు నెంబరు సిలిండరును తానే దొర్లించుకుంటూ పోయి మూలన పెట్టి, దాని మీద గోనె కప్పి వచ్చాడు. "మా అమ్మను ఉడికించకపోతివి, పేల్చకపోతివి, పో," అన్నాడు ఏసురాజు వీపు తట్టి.

మిగిలిన పని ఏసురాజుకు అలవాటైనదే. కుంకుడు నురుగు తీసి ప్రతి అతుకుకూ పూశాడు. కారు కిందుగా పోయే గొట్టం అతుకు దగ్గర నురుగు బుడగలు బుడగలుగా పొంగింది. మన రోడ్ల కుదుపులకు అక్కడి నట్టు వదులైంది. పాత గ్యాసు వదిలేసి, నట్టు మార్చి, కొత్త గ్యాసును కొంచెం పోనిచ్చి లోపలి గాలిని తరిమేశాడు. తర్వాత ఇంజను నడిపిస్తూ పన్నెండు నెంబరు గ్యాసు నింపాడు. గొట్టం మధ్యలో చిన్న గాజు కన్ను ఉంది. అందులో మొదట తెల్లటి నురుగు పరుగెత్తింది. ఆ నురుగు సన్నగిల్లి, చివరికి తేటనీరులా నిలకడగా పారింది.

"నా సోడాకు బుడగలుంటేనే రుచి," అన్నాడు బొజ్జన్న వంగి చూస్తూ. "దీనికి బుడగ పోతేనే రుచా?"

"బుడగ పోతే నిండినట్టు. ఇంక ఒక్క చుక్క కూడా ఎక్కువ పొయ్యకూడదు."

"పోనీ కొంచెం," అన్నాడు కాశన్న. ఏసురాజు అతని వైపు చూడకుండా సిలిండరు మూత బిగించేశాడు.

కారు లోపల వెనక సీట్లో భీమమ్మ కూర్చుని ఉంది. అద్దాలన్నీ ఎత్తేశారు. అందరూ అద్దాలకు ముక్కులు ఆనించి చూస్తున్నారు. ఆమె మొదట ఏమీ ఎరగనట్టు కూర్చుంది. తర్వాత మెడ వెనక చెయ్యి పెట్టుకుంది. కళ్లు పెద్దవి చేసింది. నోరు తెరిచి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు తీసి భుజాల చుట్టూ కప్పుకుంది.

"చలేస్తాండాది రా! మే నెలలో నాకు చలేస్తాండాది రా కాశన్నా!"

మరునాడు పొద్దున బయలుదేరారు. కాశన్న తోలుతున్నాడు. గ్యాసు మీద ఎంత నమ్మకమున్నా ఏసురాజును వెంట పెట్టుకోకుండా కదలనన్నాడు. ఏసురాజు అడిగించుకునేదాకా ఆగలేదు, ముందే ఎక్కి కూర్చున్నాడు. నంద్యాల దాటారు. భీమమ్మ పోయినసారి పడిపోయిన చోటు కూడా దాటారు. ఆమె ఆ చోటును అద్దంలోంచి చూసి, "ఆడనే నన్ను దించి మొగాన నీళ్లు కొట్టింది," అని మురిపెంగా చూపించింది, ఎవరో పరాయివాళ్ల సంగతి చెబుతున్నట్టు. నల్లరేగడి నేలలు పగిలి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. దూరంగా నల్లమల కొండలు వేడి ఆవిరిలో ఊగుతున్నాయి. కారులో మాత్రం భీమమ్మ తమలపాకులకు సున్నం రాస్తోంది.

చాగలమర్రి దాటాక ఇంజను వేడెక్కింది. బావి పక్కన ఆపి రేడియేటరులో నీళ్లు పోస్తుంటే పొలం పనికి పోతున్న ఆడవాళ్లు చుట్టూ చేరారు. భీమమ్మ తలుపు తెరిచి, ఒక్కొక్కరినీ పిలిచి, చెయ్యి లోపల పెట్టమంది. ఒకామె చెయ్యి కాదు, తలే పెట్టింది. కళ్లు మూసుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఏమమ్మా, బాగుండాదా?"

"శానా బాగుండాది అవ్వా. ఇంగ బయటికి తీయాలంటే బాధగా ఉండాది," అందామె. వెనకవాళ్లు నవ్వి లాగేశారు.

ఏసురాజు బానెట్టు కింద గొట్టాలను ఒక్కొక్కటే తడిమి చూశాడు. గేజీ పెట్టాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, మరుగుతున్న ఇంజను పక్కన, ముల్లు బాగా పైకే ఎక్కి ఉంది. గొట్టాలు గట్టిగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇరవై రెండు పోసి ఉంటే ఈ పాటికి ముల్లు ఎక్కడుండేదో తలచుకుని, చెమట తుడుచుకుని, కాశన్నకేమీ చెప్పకుండా బానెట్టు మూశాడు.

కడపలో నాగక్క ఇంటి వీధి ఇరుకు. కారు సగం వీధిని నింపేసింది. లోపలి నుంచి మనుమరాలు చెయ్యి పట్టుకుని నాగక్క బయటికి వచ్చింది. దళసరి కళ్లద్దాల వెనక ఆమె కళ్లు పెద్దగా కనబడుతున్నాయి. భీమమ్మ దిగబోయింది. ఏసురాజు, కాశన్న ఇద్దరూ "దిగొద్దు, ఎండ!" అని ఒకేసారి అరిచారు. దాంతో నాగక్కే తడుముకుంటూ కారు దగ్గరికి వచ్చి, తెరిచిన తలుపులోకి వంగి చూసింది.

చాలాసేపు చూసింది. చెయ్యి చాచి అక్క నుదురు, చెంపలు, ముక్కుపుడక తడిమింది. తడమడం అలవాటు పోలేదు. మళ్లీ చెయ్యి తీసేసి ఉత్త కళ్లతో చూసింది.

"ఇంత ముసిలిదానివైపోయినావేమే అక్కా!"

"నీవేమన్నా పెండ్లికూతురివా?" అంది భీమమ్మ. మాట పూర్తి కాకముందే ఏడుపు వచ్చేసింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ నవ్వారు.

కాసేపటికి నాగక్క ఏడుపు ఆపి చుట్టూ చూసింది.

"ఈడ ఇంత చల్లగా ఉండాదేందే?"

"కూచో చెప్తా. తలుపు వేసెయ్యండప్పా, గాలి పోతాండాది!"

తలుపు పడింది. కాశన్న ఇంజను ఆపలేదు. లోపలికి రమ్మని, భోజనానికి లేవమని నాగక్క కొడుకులు అద్దం మీద ఎన్నిసార్లు కొట్టినా ఇద్దరూ చెయ్యి ఊపి పొమ్మన్నారు. చివరికి కోడలే రెండు విస్తళ్లలో అన్నం పెట్టి, కిటికీ దింపించి లోపలికి అందించింది. ఏసురాజు అరుగు మీద తన విస్తరి ముందు కూర్చుని, కారు వెనకద్దంలో పక్కపక్కనే ఊగుతున్న ఆ రెండు తెల్లటి కొప్పులను చూస్తూ ముద్ద కలుపుకున్నాడు.